తుమ్ముల మాత్రకీ చనుబాలకీ మధ్య

మందుల డబ్బాలో మడతలు మడతలుగా పెట్టి ఉండే సన్నకాగితం ఎప్పుడైనా విప్పి చదివారా? చీమ తలకాయంత అక్షరాలు. అలర్జీ మందుదైతే అందులో పాలిచ్చే తల్లుల గురించి ఒకటి రెండు వాక్యాలు ఉంటాయి. చాలా ఏళ్ళపాటు ఆ వాక్యాల సారాంశం ఒక్కటే: ఈ మందు తల్లిపాలలోకి వెళ్తుందో లేదో తెలియదు, కాబట్టి వాడకపోవడం మంచిది. మొదటి సగం నిజాయితీగానే ఉంది. రెండో సగం దగ్గరే నాకు పేచీ. తెలియకపోతే తెలుసుకోవాలి గానీ వద్దని చెప్పి చేతులు దులుపుకుంటే ఎలా? ఆడవాళ్ళు పిల్లల్ని కని పాలివ్వడం నిన్నా మొన్నా మొదలైన పని కాదు కదా! ఆ "తెలియదు" కాస్తా "వద్దు"గా ఎలా మారింది, అక్కణ్ణుంచి "ఫరవాలేదు, ఇలా వాడుకోండి" దాకా ఎలా వచ్చింది అని వెతుక్కుంటూ పోతే దొరికిన కథ ఇది.

తల్లి తిన్నది పాలలోకి దిగుతుందన్న సంగతి మనవాళ్ళకి ఏ ల్యాబూ చెప్పక్కర్లేకపోయింది. బాలింత పథ్యమంతా దాని మీదే నడుస్తుంది. పచ్చి బాలింతకి కాయం ముద్ద పెడతారు, వెల్లుల్లి కారం పెడతారు, వంకాయ మాత్రం దురదపుట్టిస్తుందని దగ్గరికి రానివ్వరు. మా అమ్మమ్మ లెక్కలో అయితే నేను చల్లటి మంచినీళ్ళు తాగినా బిడ్డకి జలుబే. ఇది ఇప్పటి ఆలోచనా కాదు. చరక సంహితలో మందు దినుసుల్ని పదేసి చొప్పున యాభై గుంపులు చేశారు. అందులో ఒక గుంపు పాలు పడటానికి, ఇంకొకటి పాలు శుద్ధి కావడానికి. ఆ రెండోదాంట్లో మన వంటింటి శొంఠి, పెరట్లో పాకే తిప్పతీగ, సుగంధిపాల వేరు అన్నీ ఉన్నాయి. సుశ్రుత సంహిత అయితే, పాలు తప్ప ఇంకేమీ తాగని పసివాడికి జబ్బు చేస్తే మందు పాలిచ్చే ఆవిడకి కూడా ఇమ్మంటుంది. అంటే మందు పాలలోకి వెళ్ళడాన్ని వాళ్ళు భయంగా చూడలేదు, బిడ్డకి మందు చేర్చే దారిగా చూశారు. ఎంత వెళ్తుందన్న లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆ లెక్క కోసం ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా ఆగాల్సి వచ్చింది.

ఇక తుమ్ముల సంగతి. 1819లో లండన్‌లో జాన్ బాస్టాక్ అనే డాక్టరు తోటి డాక్టర్ల ముందు ఒక రోగి కథ చదివాడు. ప్రతి ఏడూ జూన్ వచ్చేసరికి కళ్ళు దురద, తుమ్ములు, ఆయాసం. ఆ రోగి ఎవరో కాదు, ఆయనే. తర్వాత తొమ్మిదేళ్ళు వెతికి తనలాంటివాళ్ళని మొత్తం 28 మందిని పోగేశాడు. ఇప్పుడైతే మా అపార్ట్‌మెంట్‌లోనే అంతమంది దొరుకుతారు! కారణం పువ్వుల పుప్పొడి అని తేల్చినవాడు మాంచెస్టర్ డాక్టరు చార్లెస్ బ్లాక్లీ. ఆయనకీ ఇదే బాధ. గాలిపటాలకి జిగురు పూసిన గాజుపలకలు కట్టి ఎగరేసి, పైన గాలిలో పుప్పొడి ఎంత ఉందో లెక్కపెట్టాడు. 1873లో పుస్తకం వేశాడు. "అలర్జీ" అన్న మాట పుట్టింది మాత్రం 1906లో, వియన్నాలో. పుట్టించింది క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల డాక్టరు.

మన ఒంటికి పడనిది తగిలినప్పుడు హిస్టమిన్ అనే పదార్థం విడుదలవుతుంది. దురద, దద్దుర్లు, ముక్కు కారడం అన్నీ దాని పనే. దాన్ని అడ్డుకునే మొదటి మందుని 1937లో పారిస్‌లోని పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డానియెల్ బోవే, ఆన్ మరీ స్టౌబ్ కనిపెట్టారు. స్టౌబ్ అప్పటికి ఇంకా పరిశోధన విద్యార్థిని. గినీ పందుల మీద ప్రయోగాలు చేసి, ఈ మందు వాటిని హిస్టమిన్ నుంచి కాపాడుతోందని చూపించింది. మనుషులకి ఇవ్వడానికి మాత్రం ఆ మందు మరీ ఘాటు. 1957లో బోవేకి నోబెల్ వచ్చింది. ఆవిడ పేరు ఈ కథలో ఎవరికీ గుర్తులేదు కాబట్టి మనమైనా ఒకసారి తలుచుకుందాం.

మనుషులు మింగగలిగిన మొదటి మాత్ర 1942లో ఫ్రాన్స్‌లోనే వచ్చింది. 1946లో అమెరికాలో బెనడ్రిల్ అమ్మకానికొచ్చింది. ఆ పేరు వినగానే మనకి దగ్గు సిరప్ గుర్తొస్తుంది గానీ అది పుట్టింది అలర్జీ మందుగానే. ఆ వరసలోవే మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన అవిల్, ఫెనర్గాన్, జలుబు మాత్రలన్నిటిలో కలిసి వచ్చే క్లోర్‌ఫెనిరమిన్. వీటన్నిటికీ ఉమ్మడి గుణం నిద్ర. హిస్టమిన్ మెదడులో మనల్ని మెలకువగా ఉంచే పని కూడా చేస్తుంది. ఈ పాత మందులు మెదడులోకి సులువుగా దూరిపోయి ఆ పనికీ అడ్డం పడతాయి.

1947లో బాల్టిమోర్‌లో ఒక గర్భిణి దద్దుర్లతో అలర్జీ డాక్టర్ల దగ్గరికి వెళ్తే వాళ్ళు ఒక కొత్త మందు ఇచ్చి చూశారు. జీవితమంతా బండెక్కితే కడుపులో తిప్పే ఆవిడకి, ఆ మందు వేసుకుని ట్రామెక్కితే వాంతి రాలేదు! అలా దద్దుర్ల మందు కాస్తా ప్రయాణంలో వాంతుల మందయింది. తర్వాత దాన్ని సైనికులు ప్రయాణిస్తున్న ఓడలో పరీక్షించారు. ఆశ్చర్యమేమిటంటే, గర్భిణికి కొత్త మందు ఇవ్వడానికి అప్పుడెవరూ సందేహించినట్టు లేదు. అదే 1947లో దక్షిణాఫ్రికాలో సపీకా అనే శాస్త్రవేత్త, ఏ మందులు చనుబాలలోకి వెళ్తాయో అప్పటిదాకా తెలిసినదంతా ఒకచోట కూర్చి రాశాడు. అంటే ప్రశ్న అడిగినవాళ్ళు లేకపోలేదు. వినేవాళ్ళే తక్కువ.

ఎందుకు తక్కువంటే, ఆ రోజుల్లో మందులు తయారుచేసే దేశాల్లో తల్లిపాలే తక్కువ. డబ్బాపాలు, సీసా, గంటకొట్టినట్టు టైం ప్రకారం పట్టడం. 1970ల మొదట్లో అమెరికాలో తల్లిపాలు మొదలుపెట్టిన తల్లులు దాదాపు నలుగురిలో ఒక్కరే. అలాంటిచోట "మందు వేసుకోవాలా? అయితే పాలు మాన్పించెయ్యండి" అనడం డాక్టరుకి పెద్ద మాటేమీ కాదు. సీసా ఎలాగూ ఉంది కదా! ఆ మాటే పుస్తకాల్లోకి ఎక్కి, ఆ పుస్తకాలే మన డాక్టర్లూ చదువుకుని, సీసా కడగడానికి మంచి నీళ్ళే దొరకని ఊళ్ళకి కూడా అదే సలహా వచ్చి చేరింది. నాకు కోపం తెప్పించేది ఇదే.

మధ్యలో థాలిడోమైడ్ ఘోరం. గర్భిణులకి వాంతులు తగ్గడానికి వాడిన మందు, 1961లో బయటపడేసరికి వేలమంది పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా లేకుండా పుట్టేశారు. దాంతో అందరూ హడలిపోయారు. హడలిపోవడంలో తప్పులేదు. కానీ దాని ఫలితం చూడండి. 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, పిల్లల్ని కనగలిగే వయసున్న ఆడవాళ్ళని కొత్త మందుల తొలి పరీక్షల్లోకి తీసుకోవద్దంది. ఆ నియమం 1993 దాకా ఉంది. 1982లో షాపులో చీటీ లేకుండా కొనే మందుల మీద, గర్భిణులైనా పాలిచ్చేవాళ్ళైనా వైద్యుల్ని అడిగి వాడాలని రాయమన్నారు. సరే, అడుగుతాం. కానీ ఆ వైద్యుడికి మాత్రం ఎవరు చెప్పాలి? పరీక్షలో ఆడవాళ్ళు లేరు, పాలు కొలిచినవాళ్ళు లేరు. తల్లి అడుగుతుంది, డాక్టరు కాగితం చూస్తాడు, కాగితంలో "తెలియదు" అని ఉంటుంది, ఆయన తన మెడకి చుట్టుకోకుండా "వద్దు" అంటాడు.

మా తోడికోడలికి జరిగింది ఇదే. 2000వ సంవత్సరం మాట. పాపకి నాలుగో నెల. తనకి ఒళ్ళంతా అరచేతులంత దద్దుర్లు, రాత్రంతా గోక్కోవడమే. డాక్టరు మాత్ర రాసి, పదిరోజులు పాలు ఆపమన్నాడు. అప్పట్లో మా ఊళ్ళో పాలు తీసే పంపు అంటే ఎవరికీ తెలియదు. గుడ్డలోకి పిండుకునేది, పిండుతూ ఏడ్చేది. మూడోరోజుకి గడ్డలు కట్టి చలిజ్వరం. పదకొండో రోజున పాపని ఒళ్ళోకి తీసుకుంటే అది సీసా పీకకి అలవాటుపడి మొహం తిప్పేసుకుంది. ఆ తర్వాత పాలు రానేలేదు. మా అత్తగారు మెంతులు, బొప్పాయికాయ కూర, ఎన్ని చేసి పెట్టారో. ఆ మందుచీటీ మొన్నీమధ్య దాని పాత ఫైల్లో చూశాను. రాసిన మందు లోరాటడీన్.

ఇప్పుడు 1988కి వెళ్దాం. ఆ ఏడాది అచ్చయిన ఒక పరిశోధనలో పాలిస్తున్న ఆరుగురు ఆడవాళ్ళకి లోరాటడీన్ ఇచ్చారు. మామూలు మాత్ర 10 మిల్లీగ్రాములు. వాళ్ళకి ఒకేసారి 40 ఇచ్చారు. తర్వాత 48 గంటలపాటు వాళ్ళ పాలు పిండి కొలిచారు. ఆ రెండు రోజుల పాలన్నిటిలో కలిపినా తల్లి మింగినదాంట్లో 0.1 శాతం కూడా లేదు. బిడ్డ బరువు, తల్లి బరువు చూసి లెక్కకట్టినా తల్లి మోతాదులో ఒక శాతం దగ్గరే తేలింది. మామూలుగా పది శాతం లోపుంటే భయపడక్కర్లేదని నిపుణులు అనుకునే హద్దు. ఇది పదో వంతు. మా తోడికోడలి చేతికి చీటీ వచ్చేనాటికి ఈ లెక్క అచ్చయి పన్నెండేళ్ళు. ఆ ఆరుగురు ఎవరో, ఏ పేర్లో నాకు తెలియదు. ఒళ్ళో బిడ్డని పెట్టుకుని రెండు రోజులపాటు గంటలు చూసుకుంటూ పాలు పిండి ఇచ్చారంటే మాత్రం వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అసలు మందు పాలలోకి ఎలా వెళ్తుందో ఇక్కడే చెప్పేస్తాను. మాత్ర కడుపులోంచి రక్తంలోకి, రక్తంలోంచి పాలు తయారయ్యే కణాల గోడల గుండా పాలలోకి. ఆ గోడ జల్లెడలాంటిది. రక్తంలోని ప్రోటీన్లకి గట్టిగా అంటుకున్న మందు తక్కువగా జారుతుంది, పెద్ద అణువు తక్కువగా జారుతుంది. కొవ్వులో కరిగేది, మెదడులోకి సులువుగా దూరేది పాలలోకీ సులువుగానే దూరుతుంది. ప్రసవమైన మొదటి కొద్ది రోజులు ఆ కణాల మధ్య సందులు పెద్దవిగా ఉంటాయి, తర్వాత మూసుకుంటాయి. ఇంకో మంచి సంగతి, చనుబాలు మందు నిలవుండిపోయే కుండ కాదు. తల్లి రక్తంలో మందు తగ్గుతుంటే పాలలోంచి కూడా అది వెనక్కి వెళ్ళిపోతుంది. పిండి పారబొయ్యక్కర్లేదు.

అలాగని అన్నీ లోరాటడీన్లు కావు. 1982లో లాన్సెట్ పత్రికలో ఒక పదివారాల పసిబిడ్డ కథ వచ్చింది. తల్లి మూర్ఛ మందులతోపాటు క్లెమాస్టిన్ అనే పాత తరం అలర్జీ మందు మొదలుపెట్టింది. బిడ్డ మత్తుగా పడుంటోంది, లేస్తే చిరాకు, కీచుగొంతుతో ఏడుపు, మెడ బిగుసుకుపోవడం. మందు ఆపగానే తగ్గిపోయింది. ఆ మరుసటేడే, 1983లో, అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ పాలలోకి వెళ్ళే మందుల జాబితా ఒకటి మొదటిసారి వేసింది. తర్వాత దాన్ని పలుమార్లు తిరగరాశారు. 2001 జాబితాలో క్లెమాస్టిన్ జాగ్రత్తగా వాడాల్సినవాటిలో, లోరాటడీన్ తల్లిపాలతో ఇబ్బంది లేనివాటిలో ఉన్నాయి. జాబితా అంటే నాకు అందుకే ఇష్టం. అన్నిటినీ ఒకే గాటన కట్టదు.

1993లో టొరంటోలో ఇంకా పెద్ద పని చేశారు. మందులు వాడుతూ పాలిస్తున్న 838 మంది తల్లులకి ఫోన్లు చేసి బిడ్డలెలా ఉన్నారని అడిగారు. అలర్జీ మందులు వాడినవాళ్ళలో పదిమందిలో ఒకరు బిడ్డ చిరాకుపడుతోందన్నారు, మత్తుగా ఉందన్నవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సినంతగా ఎవరికీ కాలేదు. ఎంత సాదా ప్రశ్న! తల్లినే అడిగితే చాలునని తట్టడానికి మొదటి అలర్జీ మాత్ర వచ్చాక యాభై ఏళ్ళు పట్టింది.

ఆ తర్వాత పని వేగంగా సాగింది. 2006లో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం లాక్ట్‌మెడ్ పేరుతో ఈ లెక్కలన్నీ ఒకచోట పెట్టి ఎవరైనా ఉచితంగా చూసుకునేలా చేసింది. మీ ఫోన్లోనే చూడొచ్చు. మందు అసలు పేరు కొట్టాలి, కంపెనీ పేరు కాదు. 2015 నుంచి అమెరికాలో మందు కాగితాల మీద పాలిచ్చేవాళ్ళ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, పాలలోకి ఎంత వెళ్తుంది, బిడ్డకేమవుతుంది, పాలు తగ్గుతాయా అన్నది తెలిసినంతవరకు వివరంగా రాయాలని రూలు వచ్చింది.

పాలు తగ్గడం అన్నాను కదా, అది ఎవరూ చెప్పని సంగతి. 2003లో ఆస్ట్రేలియాలో ఎనిమిదిమంది తల్లులకి ముక్కు దిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ ఒక్క మాత్ర, 60 మిల్లీగ్రాములు, ఇచ్చి చూస్తే ఆ రోజు పాలు సగటున 24 శాతం తగ్గాయి. బిడ్డకి మందు చేరినది చాలా తక్కువ, కానీ బిడ్డకి పాలే తక్కువైతే? మన మెడికల్ షాపుల్లో "జలుబుకి ఒకటివ్వండి" అంటే చేతిలో పెట్టేవి ఎక్కువగా మూడు నాలుగు మందుల కలగలుపు మాత్రలు. అలర్జీది ఒకటి, జ్వరానిది ఒకటి, ముక్కు దిబ్బడది ఒకటి. దిబ్బడకి వాటిలో వేసే ఫినైల్‌ఎఫ్రిన్ నోటితో మింగితే పనే చెయ్యదని అమెరికా నిపుణుల సంఘం 2023లో తేల్చింది. పనిచెయ్యని మందు మనమెందుకు మింగాలి, బిడ్డకెందుకు పంచాలి? దద్దుర్లకైతే దద్దుర్ల మందు ఒక్కటే, అదీ విడిగా అడగండి.

మాకు వానలు పడ్డాక ఖాళీ స్థలాలన్నీ వయ్యారిభామే. తెల్లటి పూలతో ముద్దుగా ఉంటుంది, దురదకీ తుమ్ములకీ పుట్టిల్లు. ఈ మొక్క మన దేశంలో మొదట కనబడింది 1950ల్లో, పుణె దగ్గర. మా రెండోవాడు పుట్టిన ఏడు నాకు దాని పుణ్యాన తుమ్ములు ఆగలేదు. మా డాక్టరమ్మ నా ముందే పుస్తకం తెరిచి చూసి సెట్రిజిన్ రాసింది. రాత్రి వాడికి కడుపునిండా పట్టి, వాడు ఎక్కువసేపు పడుకునే వేళకి నన్ను వేసుకోమంది. తక్కువ మోతాదు, తక్కువ రోజులు. ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం వాడితే బిడ్డకి మత్తూ రావచ్చు, పాలూ తగ్గచ్చు అని చెప్పింది. ముక్కు వరకే బాధయితే ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే ఇంకా మేలు, అది రక్తంలోకి పోయేదే బహు తక్కువ అంది. నాకు నచ్చింది ఆవిడ రాసిన మందుకంటే, పుస్తకం తెరవడం.

అవిల్, ఫెనర్గాన్, క్లోర్‌ఫెనిరమిన్ లాంటి నిద్ర మందులు ఎప్పుడో ఒకటి డాక్టరు ఇస్తే కంగారుపడక్కర్లేదు గానీ, ఒక జాగ్రత్త. ఆ రాత్రి బిడ్డని మీ పక్కన, మీ మంచం మీద పడుకోబెట్టుకోకండి. పాలలో వెళ్ళే మందు కన్నా తల్లికి పట్టే మొద్దునిద్రే అక్కడ ఎక్కువ ప్రమాదం. ఉయ్యాల్లోనో, పక్కనే వేరే పక్క మీదో పడుకోబెట్టండి. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, రెండు నెలల లోపు వయసున్నా, మీరు వేరే మందులు కూడా వాడుతున్నా ఈ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. బిడ్డ పాలకి లేవకుండా మత్తుగా పడుంటే, పీల్చడం మందగిస్తే, మాటిమాటికీ కీచుమని ఏడుస్తుంటే వెంటనే చూపించాలి. ఇంకొకటి, తల్లి వాడుకున్న మందు ఫరవాలేదన్నారని అదే సిరప్ చెంచాతో పసివాడికి పట్టేస్తారు కొందరు. పాలలో వచ్చే అణుమాత్రం వేరు, చెంచాడు మందు వేరు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన సిరప్‌లు నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడకూడదని సీసా మీద రాయమని మన దేశంలోనే 2023 డిసెంబరులో ఆదేశమిచ్చారు.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ లెక్కలేవీ చూసుకుంటూ కూర్చోకూడదు. పెదాలో నాలుకో వాచి, గొంతు పట్టేసి, ఊపిరాడకపోతే అది మాత్రలతో తగ్గేది కాదు, అడ్రినలిన్ సూది మందు పడాలి. పాలిచ్చే తల్లికైనా అదే ఇస్తారు. 108కి ఫోన్ చేసి, బిడ్డని ఇంట్లో ఎవరికైనా అప్పగించి ముందు ఆసుపత్రికి వెళ్ళండి. తిరిగొచ్చాక పాలివ్వచ్చు.